చిన్న గదిలో పాట: చిలీ పెన్యాల అనుభవం

పాట గురించి మన సాహిత్య విమర్శలో చర్చ వచ్చినప్పుడల్లా మన కళ్లముందు బహిరంగసభే ఉంటుంది. వేదిక, మైకు, డప్పు, గజ్జెలు, ఎదురుగా వేలాది జనం. ఇది సహజమే. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి నాటినుంచి తెలుగునేల మీద ప్రజల పాట ఊరి నడుమ, మైదానంలో పెరిగింది. సుద్దాల హనుమంతు పాటయినా, నాజర్ బుర్రకథయినా, తర్వాతి తరంలో వంగపండు, గద్దర్ పాటలయినా జనసమూహాన్ని ఉద్దేశించి పుట్టినవే. అందువల్ల ఒక పాట మంచిదా కాదా అని తేల్చటానికి అది ఎంతమందిని కదిలించిందన్నదే మనకు కొలబద్ద అయిపోయింది.

ఈ కొలబద్ద తప్పని నేను అనను. చాలదని మాత్రం అంటాను. కొద్దిమంది కూర్చున్న గదిలో, పాట కట్టినవాడే వాద్యం పట్టుకుని పాడుతుంటే, రెండు బారల దూరంలో శ్రోత అతని మొహంలోకి చూస్తూ వింటుంటే అక్కడ పాటకు ఏమవుతుంది? అది మధ్యతరగతి సాయంకాలపు కాలక్షేపమేనా? లేక పాట పెరగటానికి అవసరమైన ఒక దశా? ఈ ప్రశ్నకు జవాబు వెతకటానికి నేను చిలీ దేశపు 'పెన్యా'లను తీసుకుంటున్నాను. పదేళ్ల వ్యవధిలో చిలీ పాట చిన్న గదిలో రూపుదిద్దుకుని, స్టేడియాలకు చేరి, అక్కడ నెత్తుటి మడుగులో పడి, తిరిగి చిన్న గదులకే చేరి బతికింది. ఇంత స్పష్టంగా రెండు వైపులా పరీక్షకు నిలిచిన అనుభవం మరొకటి నాకు కనపడలేదు.

ముందే చెప్పాలి. నేను ఆ గదుల్లో కూర్చున్న మనిషిని కాను. ఆ గాయకుల రికార్డులు విన్నాను. విక్టర్ హారా భార్య, నర్తకి జోన్ హారా 1983లో ప్రచురించిన ఆయన జీవితకథ వంటి రచనల ద్వారా ఆ వాతావరణాన్ని తెలుసుకున్నాను. వర్ణించటంకంటే విశ్లేషించటమే నా ఉద్దేశం.

పెన్యా అంటే ఏమిటి?

స్పానిష్ భాషలో 'పెన్యా' అన్న మాటకు కొండరాయి అనే అర్థం ఉంది. ఒకే అభిరుచి ఉన్న మిత్రుల గుంపు అనే అర్థమూ ఉంది. 1965 తర్వాత చిలీలో ఈ మాటకు ఒక ప్రత్యేకార్థం స్థిరపడింది. జానపద బాణీల ఆధారంతో సొంతంగా పాటలు కట్టేవాళ్లు, ఆ పాటల్ని తామే పాడే సాయంకాలపు కూడలి అది.

1965లో రాజధాని శాంటియాగోలో, కార్మెన్ వీధి 340వ నంబరు ఇంట్లో ఇసబెల్ పార్రా, ఆంహెల్ పార్రా అనే అక్కాతమ్ముళ్లు 'పార్రాల పెన్యా'ను ప్రారంభించారు. అంతకుముందు వాళ్లు పారిస్‌లో చిన్న చిన్న పాటల కూటాల్లో పాడి వచ్చారు. ఇల్లు పాతది, ఒక చిత్రకారుడిది. మోటు బల్లలు, కొవ్వొత్తుల వెలుగు, ఎర్ర ద్రాక్షసారా, మన కజ్జికాయ ఆకారంలో మాంసమూ ఉల్లిపాయా కూరి చేసే ఎంపనాడాలు. వచ్చినవాళ్లు గోడలమీద తమ పేర్లూ మాటలూ రాసి వెళ్లేవాళ్లు. ఆడంబరం అంతే.

అక్కడ క్రమంగా పాడినవాళ్లు ఆ అక్కాతమ్ముళ్లు కాక మరి ముగ్గురు. రొలాండో అలర్కోన్ బడిపంతులు. పాట్రిసియో మాన్స్ పత్రికారచయిత, నవలాకారుడు. విక్టర్ హారా నాటక దర్శకుడు, కౌలు కూలీ కుటుంబంలో పుట్టినవాడు. వీళ్లందరికీ ఉమ్మడి లక్షణం ఒకటే: తమ పాట తామే కట్టుకుంటారు, తామే పాడతారు. మన భాషలో దీనికి చక్కని మాట ఉంది: వాగ్గేయకారులు. మాటనూ, బాణీనీ కలిపి కట్టినవాడు వాగ్గేయకారుడు. అన్నమయ్యకూ, క్షేత్రయ్యకూ, త్యాగయ్యకూ పరిమితం చేసిన ఈ మాటను ప్రజాకవులకు వర్తింపజేయటం మన అభ్యుదయోద్యమం చేసిన మంచి పనుల్లో ఒకటి. చిలీ వాగ్గేయకారుల్ని అర్థం చేసుకోవటానికి ఈ మాట మనకు దగ్గరి దారి.

ఎవరి జానపదం?

అంతకుముందు చిలీలో జానపదసంగీతం లేదా అంటే, ఉంది. రేడియోల్లో, హోటళ్లలో, జాతీయోత్సవాల్లో దండిగా ఉంది. కాని అది భూస్వామి వరండాలోంచి చూసిన పల్లెటూరు. గుర్రమెక్కే దొరల వేషాలు వేసుకున్న గాయక బృందాలు పచ్చని లోయల గురించీ, సిగ్గుపడే పల్లెపడుచుల గురించీ కమ్మగా పాడేవి. ఆ లోయలో వెట్టికి దగ్గరగా బతికే 'ఇంకిలీనో' ఆ పాటల్లో కనపడడు. దొర భూమిలో గుడిసె వేసుకుని, ఆ గుడిసెకు బదులుగా దొర పొలంలో చాకిరీ చేసే మనిషి ఇంకిలీనో. మన పాలేరుకు దగ్గరి బంధువు. పైరు ఉంది, పైరు పెట్టినవాడు లేడు. ఇటువంటి జానపదం మనకేమీ కొత్త కాదు. మన సినిమాల్లోని పల్లెటూరిని తలచుకుంటే చాలు.

ఈ బొమ్మను బద్దలు కొట్టిన మనిషి ఇసబెల్, ఆంహెల్‌ల తల్లి వయొలేటా పార్రా. 1917లో దక్షిణ చిలీలో పుట్టింది. బతుకుతెరువుకోసం మద్యశాలల్లో పాడింది. 1953 ప్రాంతంలో అన్న నికనోర్ పార్రా ప్రోత్సాహంతో గిటారు, నోటుపుస్తకం పట్టుకుని పల్లెలకు బయలుదేరింది. నికనోర్ స్వయంగా చిలీ ఆధునిక కవిత్వంలో పెద్ద పేరు. ఆమె ముసలి గాయకుల ఇళ్లకు వెళ్లి, వాళ్ల దగ్గర కూర్చుని పాటలు నేర్చుకున్నది. శాంటియాగో శివార్లలో మంత్రసానిపని చేసే రోసా లోర్కా దగ్గర నేర్చుకున్నది. ఇరవై అయిదు తంత్రుల 'గితర్రోన్' వాయించే ఇసాయాస్ అంగూలో దగ్గర నేర్చుకున్నది. ఆమె సేకరణ 1979లో, ఆమె చనిపోయిన పన్నెండేళ్లకు, పుస్తకంగా వచ్చింది. అందులో పాటలతోపాటు అవి ఎవరి దగ్గర నేర్చుకున్నదో వాళ్ల పేర్లూ, వాళ్ల మాటలూ ఉన్నాయి. 'అజ్ఞాత జానపదుడు' అన్న సౌకర్యవంతమైన మాటతో ఆమె పని జరుపుకోలేదు.

ఆ గాయకుల దగ్గర ఆమెకు దొరికిన ముఖ్యమైన రూపం 'దేసిమా'. పది పాదాలు, పాదానికి ఎనిమిది అక్షరాలు, కచ్చితమైన అంత్యప్రాస అమరిక. సంప్రదాయ పద్ధతిలో ముందుగా ఒక నాలుగు పాదాల పద్యం ఇస్తారు. తర్వాత నాలుగు దేసిమాలు కడతారు. మొదటి దేసిమా ఆ పద్యంలోని మొదటి పాదంతో ముగియాలి, రెండవది రెండవ పాదంతో, అలా నాలుగూ. మన సమస్యాపూరణంలో ఇచ్చిన పాదానికి పద్యాన్ని తీసుకొచ్చి ముడివేసినట్టే. చివర ఒక వీడ్కోలు చరణం, మన సీసం కింద తేటగీతిలాగా. చదువురాని కూలీలు ఇంత బిగువైన ఛందస్సును నోటితో నిలబెట్టారు. జానపదమంటే వదులుగా, శిల్పం లేకుండా ఉంటుందనే పండితుల అపోహకు ఇంతకంటే సమాధానం అక్కర్లేదు.

ఈ పాటలు ఎక్కడ పాడేవాళ్లో కూడా గమనించాలి. పల్లెలో పసిబిడ్డ చనిపోతే ఆ బిడ్డను అలంకరించి కూర్చోబెట్టి, తెల్లవార్లూ చుట్టూ కూర్చుని పాడటం అక్కడి ఆచారం. విక్టర్ హారా తల్లి అమాండా అటువంటి జాగారాల్లో, పెళ్లిళ్లలో పాడిన మనిషి. ఆ పాటలు పుట్టిందే చిన్న గదిలో, దుఃఖంలో ఉన్న కొద్దిమంది మధ్య. మన ఊళ్లలో శవజాగరణ రాత్రి ఏకతార మీటుతూ తత్వాలు పాడటం ఎరిగినవాళ్లకు ఇది వివరించక్కర్లేదు. కాబట్టి 1965లో పార్రాలు ఇంట్లో పాట పెట్టటం పట్టణపు వింత ఏమీ కాదు. జానపదంలో మొదటినుంచీ ఉన్న ఒక పాత్రను వాళ్లు నగరానికి తెచ్చారు.

గదిలో పాటకు ఏమవుతుంది?

నాకు అర్థమైనంతవరకు పెన్యా మూడు పనులు చేసింది.

మొదటిది, పాటకు బాధ్యుడు ఎదురుగా ఉంటాడు. సినిమా పాటలో మాట ఒకరిది, బాణీ ఒకరిది, గొంతు ఇంకొకరిది, లాభం వేరొకరిది. ఆ పాటలోని అబద్ధానికి ఎవరిని నిలదీస్తాం? వాగ్గేయకారుడు చిన్న గదిలో పాడినప్పుడు ఆ దాపరికం కుదరదు. ఈ బాణీ ఎక్కడిది, ఈ మాట ఎందుకు వాడావు అని పాట అయిపోగానే అడగవచ్చు. పాటకూ పాటకూ మధ్య గాయకుడు చెప్పే నాలుగు ముక్కలు కూడా పాటలో భాగమే. పాట ఏ ఊరినుంచి వచ్చిందో చెప్పేది ఆ నాలుగు ముక్కలే.

రెండవది, తగ్గుస్థాయి గొంతుకు అక్కడ చోటు దొరుకుతుంది. మైదానంలో కొన్ని భావాలు పలకవు. సందేహం, సిగ్గు, జ్ఞాపకం, ఒక మనిషిమీద ఇంకొక మనిషికి ఉండే మమకారం, ఇవి అరిస్తే చచ్చిపోతాయి. విక్టర్ హారా 1968లో ఇంగ్లండులో ఉన్నప్పుడు కట్టిన పాటను ఉదాహరణగా తీసుకోండి. ఫ్యాక్టరీలో పనిచేసే ప్రియుణ్ణి కలుసుకోవటానికి వానలో తడుస్తూ వెళ్లే అమ్మాయి పాట అది. పని విరామంలో దొరికే కొద్ది నిమిషాలే వాళ్ల ప్రేమకు దక్కిన కాలం. ఆ యువకుడు పోరాటానికి కొండల్లోకి వెళ్లి తిరిగి రాడు. ఫ్యాక్టరీ కూత మళ్లీ మోగుతుంది. అంతే కథ. అమ్మాయికి తన తల్లి పేరు అమాండా, అబ్బాయికి తన తండ్రి పేరు మాన్యుయెల్ పెట్టుకున్నాడు హారా. ఇందులో నినాదం ఒక్కటి లేదు. కార్మికుడి కాలాన్ని యజమాని ఎలా మింగేస్తాడో ఇంతకంటే బాగా చెప్పిన పాటను నేను వినలేదు. ఈ పాట గొంతు పెంచని పాట. దీన్ని కట్టటానికి నిశ్శబ్దంగా వినే శ్రోతలమీద కవికి నమ్మకం ఉండాలి. ఆ నమ్మకం అలవడింది పెన్యాలోనే అని నా అభిప్రాయం.

మూడవది, వినేవాళ్లలో తోటి వాగ్గేయకారులు ఉంటారు. ఒకరి పాట అయ్యాక మరొకరి పాట. ఒకరి కొత్త పాటకు తొలి విమర్శకులు మిగతా నలుగురు. ఉత్తరాన ఆండీస్ పర్వత ప్రాంతపు ఆదివాసుల కేనా అనే పిల్లనగ్రోవి, చరంగో అనే చిన్న తంత్రీవాద్యం, దక్షిణ చిలీ పల్లెల గిటారు బాణీ ఇటువంటి కూడళ్లలో ఒకచోట చేరాయి. పాత 'జాతీయ' జానపదం మధ్యలోయ భూస్వాముల ప్రాంతానికే పరిమితమయింది. కొత్త పాట దేశమంతటి ఆదివాసినీ, గని కార్మికుణ్ణీ, సేద్యగాణ్ణీ కలుపుకున్నది. వాద్యాల కూర్పులోనే రాజకీయం ఉంది. 1965లో మొదలైన కీలపయూన్, 1967లో సాంకేతిక విశ్వవిద్యాలయపు విద్యార్థులతో మొదలైన ఇంతి ఇల్లిమాని బృందాలు ఈ దారినే నడిచాయి. కీలపయూన్‌కు విక్టర్ హారా కొన్నేళ్లు దర్శకుడుగా ఉండి, నాటకరంగపు క్రమశిక్షణను పాటలోకి తెచ్చాడు.

రెండు అభ్యంతరాలు

ఇక పెన్యాలమీద వచ్చే అభ్యంతరాలను చూడాలి. వాటిని దాటవేస్తే ఈ వ్యాసానికి విలువ ఉండదు.

మొదటి అభ్యంతరం వర్గానికి సంబంధించినది. అక్కడ కూర్చున్నవాళ్లు ఎవరు? ఎక్కువగా విద్యార్థులు, రచయితలు, ఉద్యోగులు, మేధావులు. ఇంకిలీనో పాట వింటూ ఎంపనాడా తింటున్నారు. ఇంకిలీనో మాత్రం అక్కడ లేడు. పైగా పార్రాల పెన్యాకు పేరు రాగానే విశ్వవిద్యాలయాల్లో, ఇతర పట్టణాల్లో పెన్యాలు వెలిశాయి. వాటిలో కొన్ని నిజమైనవి, కొన్ని కొవ్వొత్తుల ఫ్యాషన్. గదిని అనుకరించటం తేలిక. ఏళ్లతరబడి పల్లెలు తిరిగిన వయొలేటా శ్రమను అనుకరించటం తేలిక కాదు.

ఈ అభ్యంతరం న్యాయమైనదే. దీనికి జవాబు గది లోపల దొరకదు. గది తలుపు ఎటు తెరుచుకుంటుందో చూడాలి. విక్టర్ హారా, ఆంహెల్ పార్రా పెన్యాలో పాడుతూనే సమ్మె శిబిరాలకూ, మురికివాడలకూ, విశ్వవిద్యాలయాలకూ వెళ్లారు. ఎక్కడి పాట అక్కడే ఉండిపోలేదు. ఆ రాకపోకలు ఆగిన పెన్యా మాత్రం అలంకారంగా మిగిలింది.

రెండవ అభ్యంతరం ఇంకా బాధాకరమైనది. చిన్న కూడలి కళాకారుణ్ణి పోషించగలదా? 1965 చివర వయొలేటా శాంటియాగో శివారు లా రేనాలో ఒక పెద్ద డేరా వేసింది. అది జానపదకళల విశ్వవిద్యాలయం కావాలని ఆమె కోరిక. దారి దూరం, చలికాలం బురద, వచ్చేవాళ్లు తక్కువ. 1964లో పారిస్‌లోని లూవ్ర్ భవనంలో, అలంకార కళల మ్యూజియంలో తన కుట్టుపని చిత్రాలను ప్రదర్శించిన కళాకారిణి, సొంత నగరంలో ఖాళీ బల్లల ముందు పాడింది. 1967 ఫిబ్రవరి 5న ఆ డేరాలోనే ప్రాణం తీసుకున్నది. ఒక మనిషి మరణాన్ని ఒక్క కారణానికి కుదించటం అన్యాయం. కాని ఆ ఖాళీ బల్లల్ని మరిచిపోవటం కూడా అన్యాయమే. చిన్న కూడలికి మంచి పాట ఉంటే చాలదు. దానికి నిర్మాణం కావాలి, క్రమం తప్పక వచ్చే శ్రోత కావాలి, ఖర్చు పంచుకునే చేతులు కావాలి. సాంస్కృతిక సంస్థ బాధ్యత అక్కడే మొదలవుతుంది.

గదినుంచి స్టేడియానికి

1968లో చిలీ కమ్యూనిస్టు యువజనులు సొంత రికార్డు సంస్థను ప్రారంభించారు. అదే తర్వాత డీకాప్ అనే పేరుతో స్థిరపడింది. వ్యాపార సంస్థలు ముట్టుకోని పాటలు దానివల్ల జనంలోకి వెళ్లాయి. 1969లో రేడియో ప్రసారకర్త రికార్దో గార్సియా చొరవతో తొలి 'చిలీ కొత్త పాట' ఉత్సవం జరిగింది. ఆ ఉద్యమానికి పేరు స్థిరపడింది అప్పుడే. ఈ గార్సియాయే 1950లలో వయొలేటాతో రేడియో కార్యక్రమం నడిపినవాడు. చిలీ స్టేడియంలో కీలపయూన్‌తో కలిసి విక్టర్ హారా పాడిన 'సేద్యగానికి ప్రార్థన' బహుమతి పంచుకున్నది.

ఆ పాట నిర్మాణాన్ని సాహిత్య విద్యార్థులు పరిశీలించాలి. క్రైస్తవులు రోజూ చెప్పుకునే ప్రార్థన ఒరవడిని తీసుకుని, దేవుణ్ణి ఉద్దేశించవలసిన చోట సేద్యగాణ్ణి ఉద్దేశిస్తుంది. జనానికి కంఠతా వచ్చిన రూపం, దానిలో కొత్త సారం. ఇక బాణీ ఒంటరి గొంతుతో, దాదాపు చెవిలో చెబుతున్నట్టు మొదలవుతుంది. క్రమంగా వేగం పెరిగి, గొంతులు చేరి, చివరకు ఉప్పెన అవుతుంది. నా దృష్టిలో దాని మొదలు పెన్యా, చివర స్టేడియం. మొదటి భాగంలో ఆ ఒంటరి గొంతును మనం నమ్ముతాం గనకనే చివరి భాగపు జనఘోష మనకు బూటకంగా వినిపించదు. మన సభల్లో కొన్ని పాటలు మొదటి పాదంనుంచే ఉప్పెనగా ఉంటాయి. రెండవ చరణానికి పెరగటానికి చోటు ఉండదు.

చిన్న గదిలో పెరిగినవాళ్లు మైదానంలో వెనుకాడారని కూడా అనలేం. 1969 మార్చిలో ప్యుయెర్తో మోంత్‌లో ఇళ్ల స్థలాలకోసం ఖాళీ భూమిలో గుడిసెలు వేసుకున్న పేదలపై పోలీసులు కాల్పులు జరిపి పలువురిని చంపారు. హారా బాధ్యుడైన మంత్రి పేరు పెట్టి పాట కట్టి బహిరంగసభలో పాడాడు. అమాండా పాట కట్టినవాడే ఆ పాటా కట్టాడు. 1970 ఎన్నికల్లో సాల్వడార్ అయెందే ప్రచారంలో ఈ వాగ్గేయకారులంతా ముందున్నారు. ఆ ఏడాది సెప్టెంబరు 4న అయెందే గెలిచాడు.

మళ్లీ గదికి

1973 సెప్టెంబరు 11న సైన్యం అయెందే ప్రభుత్వాన్ని కూలదోసింది. సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఉన్న విక్టర్ హారాను వందలాది విద్యార్థులతో, అధ్యాపకులతోపాటు చిలీ స్టేడియానికి తీసుకుపోయారు. నాలుగేళ్లక్రితం అతను బహుమతి అందుకున్న స్టేడియం అదే. అక్కడ చిత్రహింసలు పెట్టి సెప్టెంబరు 16న చంపారు. శరీరంలో నలభైకి పైగా తూటాలు. నిర్బంధంలో రాసిన చివరి కవితను తోటి ఖైదీలు దాచి బయటికి చేర్చారు. ఆ స్టేడియానికి 2003లో అతని పేరు పెట్టారు. హంతకులైన మాజీ సైనికాధికారులకు 2018లో పడిన శిక్షలను 2023లో అక్కడి సుప్రీంకోర్టు ఖరారు చేసింది. న్యాయం జరగటానికి యాభై ఏళ్లు పట్టింది.

ఆంహెల్ పార్రాను జాతీయ స్టేడియంలో, తర్వాత ఉత్తరాది ఎడారిలోని చాకబూకో నిర్బంధ శిబిరంలో ఉంచారు. అక్కడ అతను తోటి ఖైదీలతో పాటబృందం కట్టాడు. ఇంతి ఇల్లిమాని ఇటలీలో, కీలపయూన్ ఫ్రాన్సులో ప్రవాసంలో ఉండిపోయాయి. డీకాప్ ఆఫీసుపై దాడిచేసి మూల ధ్వనిముద్రణలను ధ్వంసం చేశారు. కార్మెన్ వీధి పెన్యా మూతపడింది. కేనా, చరంగో వంటి వాద్యాలనే అధికారులు అనుమానంగా చూశారు. వాటిని వాయించవద్దని కళాకారులను పిలిచి హెచ్చరించారు. వెదురు గొట్టం కూడా ప్రభుత్వానికి శత్రువయింది.

అప్పుడు పాట ఏం చేసింది? 1974లో బరోకో అందీనో అనే బృందం అవే ఆండీస్ వాద్యాలమీద బాఖ్ వంటి ఐరోపా శాస్త్రీయ స్వరకర్తల రచనలు వాయించటం మొదలుపెట్టింది, చర్చీల్లో. బాఖ్‌ను నిషేధించటం ఏ సైనికాధికారికీ సులభం కాదు. 1975లో నానో అసెవేదో శాంటియాగోలో 'డోన్యా హవియెరా' పెన్యా తెరిచాడు. మళ్లీ చిన్న గది, మళ్లీ గిటారు, మళ్లీ పాట కట్టినవాడే పాడటం. గూఢచారులు వచ్చి కూర్చునే గదుల్లో కవులు సూటిగా చెప్పలేకపోయారు. చలికాలం, విత్తనం, పక్షి, ఇంటికి రాని మనిషి వంటి ప్రతీకలతో మాట్లాడారు. శ్రోతలు పూరించుకున్నారు. 1970ల నడుమ రికార్దో గార్సియా అలెర్సే అనే రికార్డు సంస్థ పెట్టి ఈ తరాన్ని నిలబెట్టాడు. దేశం బయట ప్రవాసులు ఐరోపా నగరాల్లో పెన్యాలు నడిపి, సంఘీభావ నిధులు పోగుచేశారు.

ఇక్కడ నా వాదన సారాంశం ఉంది. స్టేడియాన్ని సైన్యం ఒక్క రోజులో ఆక్రమించగలిగింది. రేడియోను ఒక్క గంటలో ఆక్రమించింది. గదుల్ని ఆక్రమించలేకపోయింది. ఒకటి మూస్తే మరొకటి తెరుచుకుంది. 1965 నుంచి ఎనిమిదేళ్లపాటు చిన్న గదిలో పాడటం, వినటం అలవాటైన సమాజం గనక, ఆ అలవాటు నిర్బంధకాలంలో అక్కరకు వచ్చింది. 2019 అక్టోబరులో అసమానతలపై జనం వీధుల్లోకి వచ్చినప్పుడు శాంటియాగోలో జాతీయ గ్రంథాలయం ఎదుట వందలాది గిటార్లతో హారా పాటలు పాడారు. ఆ పాడినవాళ్లలో ఎక్కువమంది అతను చనిపోయాక పుట్టినవాళ్లు.

మనం ఆలోచించవలసింది

మనకు మైదానపు పాట గొప్పగా ఉంది. దాన్ని తగ్గించమని నేను చెప్పటం లేదు. మనకు చిన్న కూడలి కూడా లేకపోలేదు. వెన్నెల రాత్రి వాకిట్లో తత్వాలు, కల్లుమండువాలో ఆశువుగా కట్టే పాటలు, నాట్లు పడే చోట ఒకరందిస్తే నలుగురందుకునే పాటలు అవే. కాని అవి సాహిత్య సంఘాల పనిలో భాగం కాలేదు. మన సభల్లో పాట రెండు ఉపన్యాసాల మధ్య జనాన్ని నిలపటానికి వాడే సాధనంగా మిగిలిపోతున్నది. కవి కొత్త కవిత చదివితే చర్చ పెడతాం. వాగ్గేయకారుడు కొత్త పాట పాడితే చప్పట్లు కొట్టి తర్వాతి వక్తను పిలుస్తాం. విమర్శ దక్కని కళ ఎదగటం కష్టం.

నేటి పరిస్థితి మరింత జటిలం. పాట ఇప్పుడు సెల్‌ఫోనులో పుట్టి, ఎన్ని లక్షలమంది చూశారన్న అంకెతో బతుకుతున్నది. పల్లెలో విన్న బాణీని పట్టుకెళ్లి, పాడిన ముసలమ్మ పేరు చెప్పకుండా అమ్ముకునే వ్యాపారం పెరిగింది. బహిరంగసభ కొలబద్దే అంకెల రూపంలో, మరింత నిర్దయగా తిరిగి వచ్చింది. ఆ అంకెకు సందేహమూ తెలియదు, నిశ్శబ్దమూ తెలియదు.

కాబట్టి రచయితలకూ, సాహిత్య విద్యార్థులకూ నా సూచనలు కొన్ని. సంఘం శాఖ ఉన్న ప్రతిచోటా నెలకో సాయంత్రం పదిమంది కూర్చునే పాటకూడలి పెట్టండి. మైకు వద్దు. ఇద్దరు వాగ్గేయకారులు, ఒక్కొక్కరు నాలుగేసి పాటలు. బాణీ ఎవరి దగ్గరిదో, ఏ ఊరిదో చెప్పి పాడాలి. పాట అయ్యాక ప్రశ్నలు అడగాలి: ఈ మాట ఎందుకు, ఈ చరణం అవసరమా, ఈ ఆవేశం నిజమేనా? వీలైనప్పుడల్లా ఆ బాణీ ఇచ్చిన మనిషిని కూడా పిలిచి, దారిఖర్చులిచ్చి, ముందు ఆమెచేత పాడించాలి. విమర్శ రాసేవాళ్లు అచ్చులో ఉన్న సాహిత్యాన్ని మాత్రమే చూడకుండా, పాటను విని రాయాలి. అచ్చుపుస్తకంలో పాట సగమే ఉంటుంది.

ఆ కూడలిలో నిలబడిన పాటను మర్నాడు కూలీల అడ్డామీదికి, సమ్మె శిబిరంలోకి, సభావేదిక మీదికి తీసుకుపోవాలి. అక్కడ జనం తిరస్కరించిన పాటను మళ్లీ గదికి తెచ్చి సరిచేసుకోవాలి. ఈ రాకపోకల్ని నడపటమే సాంస్కృతిక సంస్థ చేయవలసిన పని. ఇందుకు పెద్ద డబ్బు అక్కర్లేదు. ఒక గది, ఒక చాప, వినే ఓపిక ఉన్న పదిమంది చాలు. అవి ఉండికూడా పని మొదలుపెట్టకపోతే, రేపు మైదానం మన చేతిలో లేని రోజున పాట ఎక్కడ తలదాచుకుంటుందో మనమే జవాబు చెప్పుకోవలసి ఉంటుంది.